టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే7 సమీక్ష: హిప్‌హాప్ పెద్దలెవరో ఈ పళ్లెం మీద తేలుతుంది

హిప్‌హాప్‌లో అందరికంటే ఎక్కువ ప్రభావం చూపినవాళ్లెవరని ఎవర్ని అడిగినా దాదాపు ఒకే పేర్లు వస్తాయి. టుపాక్, బిగ్గీ, నాస్, జే-జీ, ఎమినెమ్, కెండ్రిక్ లమార్. అందరూ మైకు పట్టినవాళ్లే. వాళ్ల గొప్పతనం మీద పేచీ ఏమీ లేదు. అయితే గొప్పతనం వేరు, ప్రభావం వేరు. ఒకరు కనిపెట్టిన పని, తర్వాత వచ్చినవాళ్లందరికీ చేయక తప్పని పనిగా మారితే దాన్ని ప్రభావం అనాలి. ఆ లెక్కన ముందు వరసలో కూర్చోవాల్సినవాళ్లు ముగ్గురు, ముగ్గురూ డీజేలే: కూల్ హెర్క్, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, గ్రాండ్ విజర్డ్ థియోడర్.

వీళ్లు చేసిన పని పుస్తకంలో చదివితే సగమే అర్థమవుతుంది. మిగతా సగం రికార్డు మీద చెయ్యి పెట్టినప్పుడే తెలుస్తుంది. అందుకే టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే7 టర్న్‌టేబుల్‌ను ఇక్కడ హై-ఫై సామానుగా కాకుండా, ఆ ముగ్గురి మూడు పనులకూ ఎంతవరకు పనికొస్తుందో చూసి తూకం వేస్తున్నాం. పాటలు వినడానికి మాత్రమే కొనాలనుకునేవాళ్లకు ఇంతకంటే తక్కువ ధరలో మంచివి దొరుకుతాయి. ఇది చేతిపని నేర్చుకునేవాళ్ల కోసం.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. హిప్‌హాప్ పుట్టిందే టెక్నిక్స్ 1200 మీద అని చాలామంది అంటారు. 1200 మొదటి మోడల్ 1972లో వచ్చిన మాట నిజమే, కానీ అది ఇంట్లో పాటలు వినేవాళ్ల కోసం చేసినది. డీజేలు నెత్తిన పెట్టుకున్నది 1979లో వచ్చిన ఎంకే2. హిప్‌హాప్ పుట్టుకగా చెప్పుకునే హెర్క్ పార్టీ న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో జరిగింది 1973 ఆగస్టు 11న. అంటే ఈ సంగీతానికి పునాది వేసినవాళ్లు తమ పనికి తగిన యంత్రం ఇంకా తయారు కాకముందే ఆ పని చేసేశారు. తర్వాత వచ్చిన యంత్రం వాళ్ల పనికి సరిగ్గా అమరింది. 2010లో తయారీ ఆపేసేనాటికి 1200 కుటుంబం మొత్తం 35 లక్షలకు పైగా అమ్ముడైంది. 2016లో ఖరీదైన హై-ఫై మోడళ్లతో మళ్లీ వచ్చింది. డీజేల కోసం వచ్చింది మాత్రం 2019 నాటి ఈ ఎంకే7.

దీని బలమంతా డైరెక్ట్ డ్రైవ్‌లో ఉంది. బెల్టు రకం టర్న్‌టేబుల్‌లో మోటారు ఒక పక్కన ఉంటుంది, రబ్బరు పట్టీ ప్లాటర్‌ను (రికార్డు కూర్చునే పళ్లెం) తిప్పుతుంది. రికార్డును చేత్తో ఆపితే పట్టీ జారుతుంది, సాగుతుంది. వదిలాక వేగం అందుకోవడానికి ఈడుస్తుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో మోటారు ఇరుసే ప్లాటర్ ఇరుసు, మధ్యలో జారడానికి ఏమీ లేదు. టెక్నిక్స్ మాతృసంస్థ మత్సుషితాలో షుయిచి ఒబాతా బృందం ఈ పద్ధతిని 1970లో ఎస్‌పీ-10తో బజారుకు తెచ్చింది. హిప్‌హాప్‌కు మేలు చేసినవాళ్ల జాబితాలో ఈ జపాన్ ఇంజినీరు పేరు కూడా ఉండాలి.

ఎంకే7లో మోటారు ఇనుప కోర్ లేని రకం. ఆ కోర్ వల్ల తిరుగుడులో వచ్చే సన్నని కుదుపు ఇందులో ఉండదు. స్టార్టింగ్ టార్క్ (మొదలయ్యేటప్పుడు మోటారు తిప్పే బలం) 1.8 కిలోగ్రామ్-సెంటీమీటర్లు, ఎంకే2లో 1.5 ఉండేది. ఆగి ఉన్న ప్లాటర్ 33⅓ వేగాన్ని 0.7 సెకన్లలో అందుకుంటుంది. ఈ 0.7 అంకెను గుర్తుపెట్టుకోండి, ఫ్లాష్ దగ్గర మళ్లీ పనికొస్తుంది. ప్లాటర్ అల్యూమినియం, కింద రబ్బరు పొర. మొత్తం యంత్రం బరువు సుమారు 9.6 కిలోలు.

బిగించడంలోనే సగం మంది దెబ్బతింటారు కాబట్టి ఆ పని కాస్త వివరంగా. పెట్టెలో కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) రాదు, విడిగా కొనాలి. స్క్రాచ్ (రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ కదిపి శబ్దం రాబట్టడం) చేసేవాళ్లు ఏళ్ల తరబడి షూర్ ఎం44-7 వాడారు. ఆ కంపెనీ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ మానేసింది. పాత సరుకు పేరుతో అమ్మేవాటిలో నకిలీ సూదులు ఎక్కువ, వాటి జోలికి పోకండి. ఇప్పుడు తేలిగ్గా కుదిరేది ఆర్టోఫాన్ కాంకార్డ్ ఎంకే2 స్క్రాచ్. కార్ట్రిడ్జ్‌ను పట్టుకునే హెడ్‌షెల్ అక్కర్లేదు, నేరుగా టోన్‌ఆర్మ్‌కు (సూదిని మోసే కడ్డీ) తగిలించి రింగు బిగిస్తే చాలు. హెడ్‌షెల్ రకమే వాడితే నాలుగు వైర్లూ వాటి చోటే పడాలి: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. ఒక పక్క ప్లస్ మైనస్ తారుమారైతే పాట వినిపిస్తుంది గానీ గొంతు, బేస్ పలచబడిపోతాయి. సూది పాడైందనుకుని కొత్తది కొనేస్తారు, తప్పు వైరులో ఉంటుంది. హెడ్‌షెల్ మెడ దగ్గరి రబ్బరు వాషర్ నుంచి సూది మొనకు 52 మిల్లీమీటర్లు ఉండేలా కార్ట్రిడ్జ్‌ను జరిపి స్క్రూలు బిగించాలి.

తర్వాత తూకం. యాంటీ-స్కేట్ డయల్‌ను 0కి తిప్పండి. సూదికి తొడుగు ఉంటే తీసేయండి, దాని బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ప్లాటర్ ఆపి, ఆర్మ్‌ను పక్కకు తెచ్చి, వెనక ఉన్న బరువును తిప్పుతూ పోండి. ఆర్మ్ పైకి లేవకుండా కిందికి వాలకుండా గాల్లో తూగాలి, పాతకాలం కొట్లో తక్కెడ ముల్లు నిలబడినట్టు. అక్కడ బరువును కదలనివ్వకుండా పట్టుకుని ముందున్న అంకెల రింగును మాత్రం 0కి తెచ్చుకోండి. ఇప్పుడు బరువు, రింగు రెండూ కలిపి సూది వైపు జరిగేలా తిప్పితే రింగు మీద కనిపించేదే గ్రాముల లెక్క. బరువును చివరిదాకా వెనక్కి తెచ్చినా ఆర్మ్ తల లేవకపోతే పెట్టెలో ఉన్న అదనపు బరువును వెనక బిగించాలి. కాంకార్డ్ స్క్రాచ్‌కు కంపెనీ చెప్పేది 4 గ్రాములు, ఎంకే7 డయల్ కూడా సరిగ్గా అంతవరకే చూపిస్తుంది. రికార్డులు అరిగిపోతాయని భయపడి 2 గ్రాములకు దించితే, రికార్డును వెనక్కి గట్టిగా లాగిన మొదటిసారే సూది గాడి దాటుతుంది. అప్పుడు పడే గీత 4 గ్రాముల అరుగుదల కంటే పెద్ద నష్టం. స్క్రాచ్‌కు యాంటీ-స్కేట్ 0లోనే ఉండనివ్వండి. అది రికార్డు ముందుకు తిరిగేటప్పుడు సూదిని మధ్యకు లాగే లాగుడుకు విరుగుడు, ఇక్కడ రికార్డు రెండు వైపులా తిరుగుతుంది.

ఇక వైర్లు. ఎంకే7లో ఆడియో వైరు, పవర్ వైరు రెండూ ఊడదీయవచ్చు. పాత ఎంకే2లో వైరు తెగితే కింది మూత విప్పి సోల్డరింగ్ చేయాల్సి వచ్చేది, ఆ బాధ తీరింది. ఆడియో వైరుతో పాటు సన్నని ఎర్త్ వైరును కూడా మిక్సర్ (టర్న్‌టేబుళ్ల శబ్దాలను కలిపే పెట్టె) వెనక ఉన్న ఎర్త్ స్క్రూకు బిగించాలి. వదిలేస్తే స్పీకర్లో గుయ్‌మని రొద వస్తుంది. బిగించినా రొద పోకపోతే గోడ ప్లగ్గులో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మన పాత ఇళ్లలో మూడో కన్నం ఉంటుంది గానీ వెనక వైరు ఉండదు. మిక్సర్‌లో టర్న్‌టేబుళ్ల కోసం ఉండే ఫోనో ఇన్‌పుట్‌కే పెట్టాలి. లైన్‌లో పెడితే శబ్దం నీరసంగా, బేస్ లేకుండా వస్తుంది.

టర్న్‌టేబుల్ దేని మీద పెడతారన్నది కూడా ముఖ్యమే. పలచటి ప్లైవుడ్ బల్ల మీద పెట్టి పక్కనే బేస్ స్పీకర్ పెడితే ఆ అదురు సూదిలోకి ఎక్కి, స్పీకర్లోంచి మళ్లీ బయటికి వచ్చి హోరు పెడుతుంది. రెండడుగుల కడప బండ ఒకటి కోయించి, కింద నాలుగు మూలలా మందపాటి రబ్బరు ముక్కలు పెట్టి, దాని మీద టర్న్‌టేబుల్ ఉంచండి. దుకాణంలో దొరికే ఖరీదైన స్టాండు చేసే పనే ఇదీ చేస్తుంది. స్పీకర్లు మాత్రం ఆ బల్ల మీద ఉండకూడదు.

హెర్క్‌తో మొదలుపెడదాం. అసలు పేరు క్లైవ్ క్యాంప్‌బెల్, 1955లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టారు. వీధుల్లో పెద్ద సౌండ్ సిస్టమ్‌లు పెట్టి ఆడే సంప్రదాయం అక్కడి నుంచే వెంట వచ్చింది. 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ల వినోదపు గదిలో చెల్లెలు సిండీ బడి బట్టల ఖర్చు కోసం పెట్టిన పార్టీలో ఆయన డీజే. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగవాళ్లకు 50 సెంట్లు టికెట్టు. డాన్సర్లు పాటంతా మామూలుగా ఆడి, గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మిగిలే ఆ పది ఇరవై సెకన్ల దగ్గర విజృంభిస్తున్నారని ఆయన పట్టుకున్నారు. ఆ ముక్కనే బ్రేక్ అంటారు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టడం, ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తేవడం. దీనికి మెర్రీ-గో-రౌండ్ అని పేరు పెట్టారు. ఈరోజు ఏ రాప్ పాట కింద వినిపించే లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే సంగీతపు ముక్క) అయినా ఆ ఆలోచనకు సంతానమే. లూప్ లేకుండా హిప్‌హాప్ లేదు కాబట్టి పునాదిరాయి మీద చెక్కాల్సిన పేరు హెర్క్‌దే. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2023లో ఆయన్ను మ్యూజికల్ ఇన్‌ఫ్లుయెన్స్ విభాగంలోనే చేర్చుకుంది, విభాగం సరిగ్గా ఎంచారు.

ఈ పరీక్షలో ఎంకే7 తేలిగ్గా గట్టెక్కుతుంది. రెండు యంత్రాలూ ఒకే వేగంతో తిరగాలి, అంతే. రీసెట్ బటన్ నొక్కితే పిచ్ స్లైడర్ (వేగం పెంచి తగ్గించే మీట) ఎక్కడున్నా వేగం కచ్చితంగా 0 దగ్గర నిలుస్తుంది. ప్లాటర్ అంచున చుక్కల వరసల మీద చిన్న దీపం వెలుగు పడుతుంటుంది. పెద్ద చుక్కల వరస కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. పిచ్ పరిధి మామూలుగా ±8 శాతం, బటన్ నొక్కితే ±16. నిమిషానికి 100 బీట్ల పాటను ±8లో 92 నుంచి 108 దాకా జరపవచ్చు. పూర్తిగా పైకి తోస్తే శ్రుతి కూడా అర స్వరం దాటి, సుమారు 1.3 సెమీటోన్లు పెరుగుతుంది. గొంతు ఉన్న పాటల్లో ఆ తేడా చెవికి తెలుస్తుంది, ఒట్టి డ్రమ్స్‌లో పెద్దగా తెలియదు.

హెర్క్ పద్ధతిలో ఒక లోటు ఉంది. సూదిని కంటి అంచనాతో గాడిలో దించేవారు. ఒక బ్రేక్ నుంచి ఇంకో బ్రేక్‌కు వెళ్లేటప్పుడు తాళం తప్పేది. ఆ లోటు పూడ్చినవాడు ఫ్లాష్.

ప్రభావం లెక్కలో మా మొదటి స్థానం ఫ్లాష్‌కే. ఆయన అసలు పేరు జోసెఫ్ సాడ్లర్, 1958లో బార్బడోస్‌లో పుట్టారు, బ్రాంక్స్‌లోని శామ్యూల్ గాంపర్స్ వృత్తివిద్యా హైస్కూల్లో ఎలక్ట్రానిక్స్ చదివారు. ఆ చదువు ఆయన పనిలో అడుగడుగునా కనిపిస్తుంది. మొదటిది, జనానికి వినిపించే ముందు రెండో రికార్డును హెడ్‌ఫోన్‌లో తను వినడానికి ఒక స్విచ్చు అమర్చుకున్నారు. రెండోది, రికార్డు మీద వేళ్లు పెట్టడం మహాపరాధం అనుకునే రోజుల్లో నేరుగా గాడి మీదే వేళ్లు పెట్టారు. మూడోది, రికార్డు మీద రంగు పెన్సిల్‌తో గీత గీసి దాన్ని గడియారం ముల్లులా వాడుకున్నారు. నాలుగోది స్లిప్‌మ్యాట్. ప్లాటర్ మీద వచ్చే రబ్బరు చాప తీసేసి, ఫెల్ట్ బట్టను రికార్డు సైజుకు కత్తిరించి, గంజి పెట్టి బిరుసు చేసి వేశారు. మన ఇళ్లలో కాటన్ చీరకు పెట్టే గంజి లాంటిదే. కింద ప్లాటర్ తిరుగుతూనే ఉంటుంది, పైన రికార్డు వేలి కింద ఆగి ఉంటుంది. మధ్యలో ఆ బిరుసు బట్ట జారుతుంది. ఇవాళ ప్రపంచంలో ఏ డీజే దగ్గర చూసినా కనిపించే అమరిక ఇదే.

ఆ గడియారం లెక్క చేసి చూడదగ్గది. 33⅓ వేగంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. నిమిషానికి 100 బీట్లంటే ఒక్కో బీటు 0.6 సెకన్లు. అంటే చుట్టుకు సరిగ్గా మూడు బీట్లు. ఒక బార్‌కు (తాళంలో ఒక ఆవర్తం) నాలుగు బీట్లు కాబట్టి బార్ అంటే ఒక చుట్టూ, పైన మూడో వంతూ. గీతను 12 గంటల దగ్గర పెట్టి వదిలితే ఒక బార్ అయ్యేసరికి అది ఒక చుట్టు తిరిగి 4 గంటల దగ్గర ఉంటుంది. రెండు బార్లకు 8 గంటల దగ్గర, మూడు బార్లకు మళ్లీ 12 దగ్గర. నాలుగు బార్ల బ్రేక్ 9.6 సెకన్లు, అయిదుంబావు చుట్ల కంటే కాస్త ఎక్కువ. దాన్ని మొదటికి తేవాలంటే అయిదు నిండు చుట్లు, ఇంకో మూడో వంతు వెనక్కి తిప్పి గీతను 12 దగ్గర ఆపాలి. ఈ పని పూర్తి చేయడానికి పక్క రికార్డు ఆడుతున్న 9.6 సెకన్లే గడువు. రెండు బార్లకు తగ్గిస్తే 4.8 సెకన్లు, ఒక బార్‌కు 2.4. నేర్చుకునేవాళ్లు నాలుగు బార్లతో మొదలుపెట్టి, వరసగా పదిసార్లు తాళం తప్పకుండా వచ్చాకే రెండు బార్లకు దిగాలి. పెన్సిల్ గీతకు బదులు లేబుల్ మీద సన్నని స్టిక్కర్ అంటించండి. గాడి మీద అంటిస్తే సూది దానికి తగిలి ఎగురుతుంది.

ఇక్కడే 0.7 సెకన్ల సంగతి వస్తుంది. రికార్డును స్టార్ట్ బటన్‌తో మొదలుపెడితే వేగం అందుకోవడానికే ఒక బీటు కంటే ఎక్కువ కాలం పోతుంది. అందుకే ప్లాటర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి, రికార్డును వేలితో ఆపి ఉంచాలి. వదిలే క్షణంలో వేలితో కొద్దిగా ముందుకు తోయాలి. ఆ తోపు ఎక్కువైతే మొదటి డ్రమ్ము కీచుమంటుంది, తక్కువైతే లావుగా ఈడుస్తుంది. ఈ ఒక్క తోపు చేతికి రావడానికే వారాలు పడుతుంది.

ఎంకే7 ఇక్కడ ఎలా నిలబడింది? రికార్డును వేలితో ఆపి పట్టుకున్నా ప్లాటర్ వేగం చెదరదు, అది దీని పెద్ద గుణం. పెట్టెలో వచ్చే స్లిప్‌మ్యాట్, దాని కింద వేసుకునే పలచటి షీటు రెండూ పనికొచ్చేవే. వానాకాలం గాలి తడికి ఫెల్ట్ కాస్త పట్టేస్తుంది. అప్పుడు రికార్డు లోపలి పాలిథిన్ కవరు ఒకటి గుండ్రంగా కత్తిరించి స్లిప్‌మ్యాట్ కింద వేయండి. రికార్డు కన్నం ఇరుసుకు బిగుతుగా పట్టినా ఇదే ఇబ్బంది వస్తుంది. గరుకు కాగితాన్ని పెన్సిల్‌కు చుట్టి కన్నంలో రెండే రెండు తిప్పులు తిప్పితే సరిపోతుంది. ఎక్కువ తిప్పితే కన్నం వదులై రికార్డు ఊగుతుంది. ప్లాటర్ కింద చిన్న స్విచ్చులు కొన్ని ఉన్నాయి. వాటితో స్టార్టింగ్ టార్క్, ప్లాటర్ ఆగే వేగం మార్చుకోవచ్చు. పవర్ తీసేసి, ప్లాటర్ మీదున్న రెండు కన్నాల్లో బొటనవేళ్లు పెట్టి పైకి లేపితే కనిపిస్తాయి. ఆ లోపలికి పిన్నులు, ఇనుప రజను పడకుండా చూసుకోండి.

ఫ్లాష్ గురించి ఒక పొరపాటు సరిచేయాలి. ఆయన పేరు చెప్పగానే అందరూ 1982 నాటి ‘ది మెసేజ్’ అంటారు. అమెరికా నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలోకి ఎక్కిన మొదటి హిప్‌హాప్ రికార్డు అదే, 2002లో. పాట గొప్పదే, కానీ అందులో వినిపించేవి మెలీ మెల్, డ్యూక్ బూటీల గొంతులు. ఫ్లాష్ చెయ్యి అందులో లేదు. ఆయన్ను వినాలంటే 1981 నాటి ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఆన్ ది వీల్స్ ఆఫ్ స్టీల్’ వినాలి. షిక్, క్వీన్, బ్లాండీ పాటల ముక్కలను టర్న్‌టేబుళ్ల మీద అతికి చేసిన ఏడు నిమిషాల రికార్డు. పాడేవాడు లేకుండా డీజే ఒక్కడే పాట కట్టగలడని రుజువు చేసింది. 2007లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లిన మొదటి హిప్‌హాప్ బృందం వీళ్లది. 2019లో స్వీడన్ పోలార్ మ్యూజిక్ ప్రైజ్ అందుకున్నవాళ్లలో ఫ్లాష్ ఒకరు.

థియోడర్ ఈ ఇద్దరికంటే చిన్నవాడు. అన్న మీన్ జీన్ ఫ్లాష్‌తో కలిసి పనిచేసేవాడు. 1975 ప్రాంతంలో, పన్నెండు పదమూడేళ్ల వయసులో, ఇంట్లో రికార్డులు పెడుతుంటే శబ్దం తగ్గించమని అమ్మ గది తలుపు దగ్గరికి వచ్చింది. అమ్మ మాట్లాడుతున్నంతసేపు రికార్డును చేత్తో ఆపి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ముందుకూ వెనక్కూ కొద్దిగా కదిలింది. వచ్చిన శబ్దం ఆ కుర్రాడికి నచ్చింది. దాన్ని నెలల తరబడి సానబెట్టి పార్టీలో వినిపించాడు. అదే స్క్రాచ్. మన సినిమా పాటల్లో హీరో వచ్చేచోట వినిపించే ‘వికి వికి’కి కూడా మూలం ఆ గదే.

స్క్రాచ్‌లో మొదటి పాఠం బేబీ స్క్రాచ్. ఫేడర్ (మిక్సర్‌లో శబ్దాన్ని తెరిచి మూసే మీట) తెరిచే ఉంచాలి. సూదికి దూరంగా, రికార్డు ఎడమ అంచున, 9 గంటల దగ్గర మూడు వేళ్ల మొనలు పెట్టాలి. అరచెయ్యి ఆనకూడదు, మణికట్టు వదులుగా ఉండాలి. ఒక మాట లేదా ఒక డ్రమ్ము దెబ్బ దొరికే చోట రికార్డును ఆపి, ముందుకు తోసి, అంతే దూరం వెనక్కి లాగాలి. ముందుకు ఒక బీటు, వెనక్కి ఒక బీటు. వేళ్లతో కిందికి నొక్కితే రికార్డు స్లిప్‌మ్యాట్‌ను నొక్కుతుంది, స్లిప్‌మ్యాట్ ప్లాటర్‌ను నొక్కుతుంది, మోటారుతో కుస్తీ మొదలవుతుంది. గాజు మీద పడిన నీటి చుక్కను చెదరకుండా జరుపుతున్నంత తేలిగ్గా ఉండాలి చెయ్యి. రికార్డు అంచు దగ్గరి గాడి సూది కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల వేగంతో పోతుంది, లేబుల్ దగ్గర 20 సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే ఒకే శబ్దం బయటి గాడిలో ఉంటే స్క్రాచ్ తేటగా వస్తుంది. స్క్రాచ్ కోసం వేసే రికార్డుల్లో అవసరమైన మాటలు బయటి గాడిలోనే ఉన్నాయో లేదో చూసి కొనండి.

ఎంకే7కు అసలు పరీక్ష ఇక్కడే. 1.8 టార్క్ ఎక్కువ అనిపించదు. పయొనీర్ పీఎల్‌ఎక్స్-1000 లాంటివి 4.5 అని చెప్పుకుంటాయి. అంత లాగుడున్న యంత్రం మీద రికార్డు వదలగానే విసిరినట్టు పోతుంది. వేగంగా జగ్లింగ్ (రెండు రికార్డుల బీట్లను మార్చి మార్చి ఆడించడం) చేసేవాళ్లకు అది నచ్చుతుంది. టెక్నిక్స్ లాగుడు మెత్తగా ఉంటుంది, వేలికి ఎదురు తిరగదు. నేర్చుకునే చేతికి మెత్తనిదే మేలని మా అభిప్రాయం. పాత ఎంకే2 అలవాటున్నవాళ్లకు రెండు తేడాలు తగులుతాయి: దీని అడుగు భాగం గాజునార కలిపిన ప్లాస్టిక్, పట్టుకుంటే పాతదానంత దిట్టంగా అనిపించదు. రివర్స్ ఆడించే సదుపాయం ఉంది గానీ, అది సరదాకే తప్ప పనికి అంతగా అక్కరకు రాదు.

ఆ ముగ్గురి తర్వాత ఈ దారిలో నడిచినవాళ్లలో ఒక్కొక్కరిది ఒక్కో మెట్టు. 1983లో జాజ్ వాద్యకారుడు హెర్బీ హాన్‌కాక్ పాట ‘రాకిట్’లో స్క్రాచ్ చేసిన గ్రాండ్ మిక్సర్ డీఎస్‌టీ, మరుసటి ఏడాది గ్రామీ వేదిక మీద అదే చేసి చూపించాక టర్న్‌టేబుల్ వాద్యం అన్న మాట నలుగురి నోటా పడింది. రన్-డీఎంసీ బృందపు డీజే జామ్ మాస్టర్ జే, పిట్టకూతలా వినిపించే చిర్ప్ స్క్రాచ్‌తో జాజీ జెఫ్, నలుగురైదుగురి పాటల్లోంచి ఒక్కో మాట కోసి పల్లవి కట్టే డీజే ప్రీమియర్. రాపర్ల జాబితాలో పదో పేరు రాసే ముందు వీళ్లను తలుచుకోవాలి.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని. విడుదలైనప్పుడు అమెరికాలో ధర వెయ్యి డాలర్ల ప్రాంతం. ఇక్కడికి వచ్చేసరికి సుంకాలు కలిసి బాగా పెరుగుతుంది. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకోవాలనుకుంటే, వెనక రాసి ఉన్న వోల్టేజ్‌ను ముందే ఫొటో తీసి పంపమనండి. 110–120 మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గుకు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టకూడదు. సూట్‌కేసులో తెచ్చేటప్పుడు ప్లాటర్, వెనక బరువు, హెడ్‌షెల్ విప్పి విడివిడిగా చుట్టాలి, ఆర్మ్‌ను క్లిప్పుకు బిగించి పైన దారంతో కట్టాలి. ప్లాటర్ బిగించే ఉంచితే దారిలో కుదుపులన్నీ ఇరుసు మీదే పడతాయి.

33, 45 బటన్లు రెండూ కలిపి నొక్కితే 78 వేగం వస్తుంది. అటక మీద ఘంటసాల పాటల 78 రికార్డులుంటే చెయ్యి ఊరుకోదు. కానీ డీజే సూదితో వాటిని ఆడించకండి. దీని మొన 18 మైక్రాన్లు, పాత లక్క రికార్డు గాడికి 65 మైక్రాన్లు దాటిన మొన కావాలి. సన్న మొన గాడి అడుగున దొర్లుతుంది, గరగర తప్ప పాట వినపడదు. విడిగా 78 సూది కొని హెడ్‌షెల్ మార్చుకుంటే చక్కగా ఆడుతుంది.

రెండు ఎంకే7లు, మిక్సర్, రెండు కార్ట్రిడ్జ్‌లు ఒకేసారి కొనడం చాలామందికి కుదరదు. అలాంటివాళ్లు ఒక టర్న్‌టేబుల్, పదునైన క్రాస్‌ఫేడర్ (ఒక శబ్దం నుంచి ఇంకోదానికి మార్చే మీట) ఉన్న చిన్న మిక్సర్ కొని, తాళం కోసం ఫోన్‌లో ఒక డ్రమ్ లూప్ పెట్టుకుని థియోడర్ దగ్గర మొదలుపెట్టండి. స్క్రాచ్‌కు ఒక్క యంత్రం చాలు. గీత పెట్టి చుట్లు లెక్కపెట్టడం, బీటు మీద వదలడం కూడా ఒక్కదాని మీదే నేర్చుకోవచ్చు. హెర్క్ పని చేయాలంటే మాత్రం రెండోది రావాలి. అది వచ్చేదాకా ఏ పాటలో బ్రేక్ బాగుందో విని, ఆ రికార్డులు రెండేసి కాపీలు వెతికి పెట్టుకోండి.